తొడ ఎముకకు నెత్తురు దారి గీసిన శరణార్థి

1983లో ‘జర్నల్ ఆఫ్ బోన్ అండ్ జాయింట్ సర్జరీ’ బ్రిటిష్ సంచికలో కలకత్తా సర్జన్ డి.పి. బక్సి రాసిన ఒక పత్రం అచ్చయింది. దెబ్బ తగిలిన తర్వాత రక్తం అందక చచ్చిపోయిన తొడ ఎముక తలను మళ్లీ బతికించడం ఎలా అన్నది దాని విషయం. పద్ధతి చెప్పుకోవడానికి తేలికే. చచ్చిన ఎముకలోకి డ్రిల్‌తో అనేక రంధ్రాలు వేస్తారు. తర్వాత పక్కనున్న కండరాన్ని, అది అతుక్కుని ఉన్న చిన్న ఎముక ముక్కతో సహా తెచ్చి అక్కడ అమర్చుతారు. కండరాన్ని ఎముక నుంచి విడదీయరు. ఆ ముక్కకు నెత్తురు అందేది కండరం గుండానే కనుక, అది సజీవంగానే కొత్త చోటికి చేరుతుంది. మూడేళ్ల తర్వాత, 1986లో, అతుక్కోకుండా ఉండిపోయిన తొడ ఎముక మెడ విరుగుళ్లకు ఇదే సూత్రాన్ని వాడిన తీరు గురించి ఆయన మరో పత్రం రాశారు. 1991లో ఇంకొకటి వచ్చింది.

ఈ పని కలకత్తాలో జరగడంలో ఆశ్చర్యం లేదు. తుంటి విరిగిన మనిషి మన దగ్గర నేరుగా పెద్దాసుపత్రికి రాడు. మనకు పుత్తూరు కట్టు ఉన్నట్టే బెంగాల్‌కూ ఊరూరా కట్లు కట్టేవాళ్లు ఉన్నారు. అక్కడ కొన్ని వారాలు గడుస్తాయి. ఆసుపత్రికి చేరేసరికి విరిగిన చోట ఎముక అరిగిపోయి ఉంటుంది, తలకు రక్తం అందే అవకాశం సన్నగిల్లి ఉంటుంది. ఇంగ్లండులోనైతే అలాంటి తలను తీసేసి లోహపు తల పెట్టవచ్చు. డెబ్భై ఏళ్ల మనిషికి, కుర్చీలో కూర్చుని కమోడ్ వాడే మనిషికి అది సరిపోతుంది. ముప్ఫై అయిదేళ్ల రిక్షా కార్మికుడికో, నేలమీద బాసింపట్టు వేసుకుని అన్నం తినే ఇంట్లో, గొంతుక్కూర్చునే మరుగుదొడ్డి ఉన్న ఇంట్లో బతికే స్త్రీకో ఆ రోజుల నాటి కృత్రిమ కీలు సరిపోయేది కాదు. ఖర్చు సంగతి సరేసరి. సొంత ఎముకను కాపాడుకోవడమే వాళ్లకున్న మేలైన దారి.

కాపాడాలంటే ఆ ఎముకకు నెత్తురు ఎటునుంచి వస్తుందో తెలియాలి. ఇప్పుడు ప్రతి ఆర్థోపెడిక్ పుస్తకంలోనూ కనిపించే ఆ పటాన్ని స్పష్టంగా గీసింది ఆక్స్‌ఫర్డ్‌లో పనిచేసిన ఒక కెటలన్ డాక్టరు. పేరు జోసెప్ ట్రుయేటా. దేశం వదిలి పారిపోయి వచ్చిన మనిషి. ఆయన జీవితమంతా ఒకే ప్రశ్న చుట్టూ తిరిగింది: ఈ కణజాలానికి నెత్తురు అందుతోందా, లేదా?

ఫ్యాక్టరీ గాయాల నుంచి యుద్ధ గాయాల దాకా

ట్రుయేటా 1897 అక్టోబరు 27న బార్సిలోనాలో పుట్టారు. కుర్రతనంలో చిత్రకారుడు కావాలని ఆశపడ్డారు గానీ చివరికి వైద్యంలో చేరారు. 1921లో బార్సిలోనా విశ్వవిద్యాలయం నుంచి పట్టా పుచ్చుకుని, నగరంలోని ప్రాచీనమైన సాంటా క్రూ ఇ సాంట్ పావ్ ఆసుపత్రిలో సర్జన్‌గా కుదురుకున్నారు.

ఆయన్ను ఎముకల వైపు తిప్పింది కార్మికుల ప్రమాదాలు. బార్సిలోనా అప్పటికి స్పెయిన్‌లో కెల్లా పెద్ద పారిశ్రామిక నగరం. యంత్రాల్లో నలిగిన చేతులు, బరువులు మీద పడి చిట్లిన కాళ్లు రోజూ వచ్చేవి. 1929లో ఒక ప్రమాద బీమా సంస్థకు ఆయన ముఖ్య సర్జన్ అయ్యారు. విరిగిన ఎముక చర్మాన్ని చీల్చుకుని బయటికొచ్చిన గాయమంటే ఆ రోజుల్లో సర్జన్లకు హడల్. యాంటీబయాటిక్స్ లేవు. రోజూ కట్టు విప్పి, కడిగి, మళ్లీ కట్టేవాళ్లు. విప్పిన ప్రతిసారీ కొత్త సూక్ష్మజీవులు లోపలికి వెళ్లేవి. చివరికి చాలామందికి కాలు తీసేయాల్సి వచ్చేది, కొందరికి ప్రాణమే పోయేది.

మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్స్‌లో పనిచేసిన అమెరికన్ సర్జన్ విన్నెట్ ఆర్ ఇందుకు భిన్నమైన సంగతి గమనించారు. గాయం మీద పిండికట్టు వేసి వారాల తరబడి కదపకుండా వదిలేసినవాళ్లే బాగా కోలుకుంటున్నారు. ట్రుయేటా ఆ పద్ధతిని అందుకుని, దానికి ముందు ఒక మెట్టు చేర్చారు. కట్టు వేసేముందు గాయాన్ని తెరిచి, నెత్తురు అందని కండరాన్ని అంతా కత్తిరించి పారేయాలి. ఆయన అసలు కొత్తదనం ఇక్కడే ఉంది. సూక్ష్మజీవి గాలిలోనూ ఉంటుంది, మట్టిలోనూ ఉంటుంది; దాన్ని పూర్తిగా ఆపడం సాధ్యం కాదు. అది స్థిరపడేది చచ్చిన మాంసంలో. నెత్తురు పారే కండరం తనను తాను కాపాడుకోగలదు. అందుకని మందుతో సూక్ష్మజీవి వెంట పడడం కన్నా దానికి ఆశ్రయమిచ్చే చచ్చిన మాంసాన్ని తీసేయడం మేలని ఆయన లెక్క.

1936లో అంతర్యుద్ధం మొదలయ్యేనాటికి ఈ పద్ధతి ఆయన చేతికి అలవాటైపోయింది. ఆ తర్వాత వచ్చిన గాయాలు ఫ్యాక్టరీ గాయాలు కావు. 1938 మార్చిలో ఇటలీ విమానాలు మూడు రోజులపాటు బార్సిలోనా మీద బాంబులు కురిపించాయి. నడివీధిలో, ట్రాముల్లో, బడుల దగ్గర జనం చచ్చారు. బతికినవాళ్లు సాంట్ పావ్‌కు వచ్చారు. ట్రుయేటా బృందం అందరికీ ఒకే క్రమం పాటించింది: ఆలస్యం చేయకుండా ఆపరేషన్, శుభ్రం చేయడం, చచ్చిన భాగం కోసేయడం, లోపలి ద్రవం బయటికి పోయే ఏర్పాటు, ఆపైన పిండికట్టు. కట్టు కొన్ని రోజులకే కంపు కొట్టేది. వార్డులో నిలబడడం కష్టమయ్యేది. అయినా రోగికి జ్వరం లేకపోతే విప్పనిచ్చేవారు కాదు. ఇలా చికిత్స చేసిన 1,073 మందిలో చనిపోయింది ఆరుగురే.

ఆ లెక్కలతో ఆయన 1938లో కెటలన్ భాషలో చిన్న పుస్తకం రాశారు. అప్పటికే ఓడిపోతున్న నగరంలో, ఓడిపోతున్న భాషలో వచ్చిన పుస్తకం అది. 1939 జనవరి 26న ఫ్రాంకో సేనలు బార్సిలోనాలో అడుగుపెట్టాయి. ఆ రోజుల్లోనే లక్షలాది జనంతోపాటు ట్రుయేటా కూడా సరిహద్దు దాటి ఫ్రాన్స్‌కు చేరారు. అక్కడి నుంచి లండన్ వెళ్లారు.

తల తీసేసిన గురువు, తల నిలిపిన శరణార్థి

లండన్‌కు ఆయన సరైన సమయంలో చేరారనాలి, చేరినవాడికి అలా అనిపించకపోయినా. హిట్లర్ విమానాలు వస్తే ఏం చేయాలన్న దిగులు అప్పుడు బ్రిటన్‌ను పట్టి పీడిస్తోంది. బాంబుదాడి గాయాలకు వందల సంఖ్యలో చికిత్స చేసిన సర్జన్లు ఆ దేశంలో అరుదు. ట్రుయేటా ఉపన్యాసాలిచ్చారు, ఆయన పుస్తకం 1939లోనే ఇంగ్లిషులో వచ్చింది. పెద్ద సర్జన్లలో కొందరు పెదవి విరిచారు. కంపు కొట్టే కట్టును వారాల తరబడి ఉంచడం వాళ్లకు నాటువైద్యంలా తోచింది. పద్ధతి నిలబడడానికి యుద్ధమే రావాల్సి వచ్చింది.

ఆయన్ను ఆక్స్‌ఫర్డ్‌కు పిలిచినవారు గాథోర్న్ గర్డిల్‌స్టన్. బ్రిటన్‌లో తొలి ఆర్థోపెడిక్ ప్రొఫెసర్. ఈ పేరు మన ఎముకల డాక్టర్లకు మరో కారణంగా తెలుసు. క్షయ సోకి కుళ్లిపోయిన తుంటిలో తొడ ఎముక తలను, మెడను పూర్తిగా తీసేసి, ఖాళీని కండరాలతో పూడ్చే ఆపరేషన్‌కు ఇప్పటికీ ఆయన పేరే. ఆ కాలు పొట్టిదవుతుంది, నడక కుంటుతుంది, నొప్పి మాత్రం పోతుంది, మనిషి బతుకుతాడు. తలను తీసేయడానికి పేరుపడ్డ సర్జనే ఆ తల ఎలా బతుకుతుందో తర్వాత చూపించబోయే మనిషికి తలుపు తెరిచారు.

ఆక్స్‌ఫర్డ్‌లో యుద్ధం రోజుల్లో ట్రుయేటా చేసిన పరిశోధనలన్నీ నెత్తురు గురించో, కణజాలంలో ద్రవాలు ప్రవహించే తీరు గురించో అయి ఉంటాయి. 1941లో బార్న్స్‌తో కలిసి లాన్సెట్ పత్రికలో రాసిన పత్రం పాములున్న దేశాల్లో గుర్తుంచుకోదగ్గది. సూక్ష్మజీవులు, విషపదార్థాలతోపాటు పాము విషాన్ని కూడా జంతువుల కాళ్లలోకి ఎక్కించి, అవి శరీరంలోకి ఎంత వేగంగా పాకుతాయో చూశారు. పెద్ద అణువులున్న విషం శోషరస నాళాల గుండా పోతుందనీ, కాలు కదలకుండా కట్టేస్తే దాని ప్రయాణం నెమ్మదిస్తుందనీ తేలింది. పిండికట్టు ఎందుకు పనిచేస్తుందో వెతుకుతుంటే దొరికిన సంగతి ఇది. పాము కరిచినవాణ్ణి నడిపించకూడదని ఇవాళ చెబుతున్న జాగ్రత్తకు అందులో ఆధారం ఉంది.

తర్వాత కిడ్నీలు. లండన్ మీద బాంబులు పడ్డప్పుడు శిథిలాల కింద కాళ్లు నలిగినవాళ్లను బయటికి తీస్తే, గాయం పెద్దగా కనిపించకపోయినా కొద్ది రోజుల్లో మూత్రం ఆగి చనిపోయేవాళ్లు. ట్రుయేటా బార్సిలోనాలోనే ఇలాంటివాళ్లను చూశారు. నలిగిన కాలి నుంచి వచ్చే సంకేతంతో కిడ్నీ పైపొరకు వెళ్లే నెత్తురు దారి మూసుకుని, లోపలి పొర గుండా అడ్డదారిన పోతోందని ఆయన బృందం కుందేళ్ల మీద చూపించింది. 1947లో పుస్తకం వచ్చింది, చాలా పేరు తెచ్చింది. మనుషుల్లో మాత్రం ఇది అనుకున్నంతగా రుజువు కాలేదు. ఆయనకు అన్నిటికన్నా ఎక్కువ కీర్తి తెచ్చిన సిద్ధాంతమే అన్నిటికన్నా తక్కువ కాలం నిలిచింది. తుంటి మీద చేసిన పనికి అప్పట్లో అంత సందడి లేదు, అది మాత్రం చెక్కుచెదరలేదు.

శరణార్థిగా వచ్చిన పదేళ్లకు, 1949లో, ట్రుయేటా ఆక్స్‌ఫర్డ్‌లో నఫీల్డ్ ఆర్థోపెడిక్ ప్రొఫెసర్ అయ్యారు. ఒకప్పుడు గర్డిల్‌స్టన్ కూర్చున్న కుర్చీ అది.

పారదర్శకంగా మారిన ఎముక

తుంటి కీలు నిర్మాణం చూస్తే ఈ సమస్య ఎంత చిక్కుముడో అర్థమవుతుంది. తొడ ఎముక పైకొనలో బంతిలాంటి తల. దాన్ని మోసే సన్నని మెడ. తల మొత్తం కీలు గిన్నెలో కూర్చుని ఉంటుంది, దాని పైభాగమంతా మృదులాస్థి. మృదులాస్థి గుండా రక్తనాళం దూరదు. అంటే నెత్తురు రావాల్సింది కింద మెడ వైపు నుంచే, లేకపోతే గిన్నె అడుగు నుంచి తల మధ్యకు కట్టిన తాడులాంటి చిన్న స్నాయువు గుండా. వేరే దారి లేదు. ఒకే వంతెన మీద ఆధారపడ్డ లంక గ్రామం లాంటిది ఆ తల.

ఏ వంతెన ఎంత నెత్తురు మోస్తుందన్న దాని మీద చాలాకాలం వాదనలు నడిచాయి. చిన్న స్నాయువులోని నాళమే కీలకమని కొందరు, అది ఉన్నా లేకపోయినా ఒకటేనని కొందరు అనేవారు. ట్రుయేటా, ఆయన సహచరుడు హారిసన్ దీన్ని మృతదేహాల తొడ ఎముకల మీద తేల్చారు. నాళాల్లోకి సన్నని బేరియం ద్రవం ఎక్కించి ఎక్స్‌రేలు తీశారు. ఎముకను పలకలుగా కోశారు. రసాయనాల్లో నానబెట్టి ఎముకను గాజులా పారదర్శకం చేశారు. అప్పుడు లోపలి నాళాలు చెట్టు కొమ్మల్లా కనిపించాయి. బొమ్మలు వేయాలని కలగన్న మనిషికి ఇది ఎంత ఇష్టమైన పనో ఊహించడం కష్టం కాదు.

1953లో ఫలితాలు వచ్చాయి. పెద్దవాళ్లలో తలకు అందే నెత్తురులో పెద్ద వాటా మెడ పైఅంచు వెంట, పల్చటి పొర కింద నుంచి ఎక్కే నాళాల సమూహానిదే. వాటిని పార్శ్వ నాళాలన్నారు. అవి తొడ లోపలి భాగం నుంచి బయలుదేరి మెడ వెనకగా చుట్టుకుని వచ్చే ఒక ధమని కొమ్మలు. స్నాయువు నాళం తలలో లోపలి భాగానికి కొంత ఇస్తుంది, కొన్నిచోట్ల రెండూ కలుస్తాయి. మెడ విరిగి ఎముక పక్కకు జరిగితే ఆ పైఅంచు నాళాలు తెగుతాయి లేదా మెలిపడతాయి. ఇక తల బతకాలంటే స్నాయువు నాళం దయ మీదే ఆధారపడాలి. అది చాలామందిలో సరిపోదు. మెడ విరిగితే ఎందుకు ఇంత తరచుగా తల చచ్చిపోతుందన్నదానికి ఇదీ జవాబు.

1957లో పిల్లల మీద చేసిన అధ్యయనం ఇంకా ఆశ్చర్యకరమైనది. పుట్టిన దగ్గర్నుంచి యవ్వనం దాకా ఈ నాళాల పటం మారుతూ ఉంటుంది. పసితనంలో మెడ నుంచి కొన్ని నాళాలు తలలోకి వెళ్తాయి. నాలుగేళ్లు వచ్చేసరికి పెరుగుదల పలక గోడలా అడ్డుపడి అవి ఆగిపోతాయి. స్నాయువు నాళం తలలోకి చొచ్చుకు రావడం ఇంకా మొదలు కాదు. అంటే దాదాపు నాలుగు నుంచి ఏడేళ్ల వయసు మధ్య తల మొత్తానికీ ఆ పార్శ్వ నాళాలే ఆధారం. ఎనిమిదేళ్ల ప్రాంతంలో స్నాయువు నాళం తోడొస్తుంది. పెర్థెస్ అనే జబ్బులో ఏ కారణమూ కనిపించకుండానే పిల్లల తుంటి తల చచ్చి నలిగిపోతుంది. అది ఎక్కువగా కనిపించేది సరిగ్గా ఈ వయసులోనే. జబ్బుకు మూలకారణం ట్రుయేటా చెప్పలేదు, ఇవాళ్టికీ పూర్తిగా తేలలేదు. ఆ వయసే ఎందుకన్నది మాత్రం పటం చూస్తే తెలుస్తుంది.

ఇదంతా మృతదేహాల వల్లే సాధ్యమైందని గుర్తుంచుకోవాలి. ఈ విషయంలో కలకత్తాకు తన చరిత్ర తనకుంది. 1835లో పెట్టిన మెడికల్ కాలేజీలో మరుసటేడే మధుసూదన్ గుప్తా కులాచారాన్ని పక్కనపెట్టి శవాన్ని కోశారు. బక్సి తరం కలకత్తా సర్జన్లు శరీరనిర్మాణం నేర్చుకున్నది ఆ పునాది మీదే.

కత్తి ఎటు వెళ్లాలి

పటం ఉన్నంత మాత్రాన సర్జన్లు వెంటనే దాన్ని పాటించారని కాదు. వంకర తుంటిని సరిచేసే ప్రయత్నంలో తలను చంపిన ఉదాహరణలు ఈ రంగంలో కొల్లలు. పుట్టుకతోనే తుంటి జారిన పిల్లలకు ఒకప్పుడు కాళ్లు రెండూ కప్పలా పూర్తిగా విడదీసి పిండికట్టు వేసేవారు. కీలు గిన్నెలో కూర్చునేది. కానీ ఆ బిగువుకు నాళాలు నలిగి, కొందరు పిల్లల్లో తల ఎదగకుండా పోయేది. ఎదుగుతున్న పిల్లల తొడ ఎముకలోకి పైనుంచి కడ్డీ దించేటప్పుడు మెడ మొదట్లో ఉన్న గుంట గుండా దూర్చితే అదే ముప్పు. ఎముక చక్కగా అతుకుతుంది, ఎక్స్‌రే చూసి అందరూ సంతోషిస్తారు, కొన్ని నెలల తర్వాత తల కుంగడం మొదలవుతుంది.

ఎముకను కోసి కోణం మార్చే ఆపరేషన్‌లో కోత మెడకు కింద, నాళాలకు దూరంగా ఉంటే తలకు ప్రమాదం తక్కువ. అసలు చిక్కు తలే మెడ మీద నుంచి జారిన పిల్లల్లో, కౌమారంలో ఉన్నవాళ్లలో. అక్కడ సరిచేయాల్సిన చోటే నాళాలున్న చోటు.

ట్రుయేటా చనిపోయి చాలా ఏళ్లయ్యాక దీనికి స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో దారి దొరికింది. రైన్‌హోల్డ్ గాంజ్ బృందం మెడ వెనకగా చుట్టుకు వచ్చే ఆ ధమనిని మృతదేహాల్లో మళ్లీ అడుగడుగునా వెతికి 2000లో వివరంగా రాసింది. ధమని ఒకచోట అబ్ట్యురేటర్ ఎక్స్‌టర్నస్ అనే చిన్న కండరం వెనకగా పోతుంది. తుంటిని బయటికి లాగినప్పుడు ఆ కండరం తెగకుండా ఉంటే ధమని సాగదు, చిరగదు. అందుకని వెనకవైపు చిన్న కండరాలను ముట్టుకోకుండా, తొడ ఎముక పైబుడిపె నుంచి సన్నని ముక్కను కండరాలతో సహా చెక్కి ముందుకు తిప్పి, తలను ముందువైపు నుంచి బయటికి తీస్తారు. 2001లో గాంజ్ ఈ పద్ధతిలో చేసిన 213 తుంట్ల లెక్క ప్రచురించారు. ఒక్క తల కూడా చావలేదు. తుంటిని పూర్తిగా గిన్నె నుంచి బయటికి తీయడమంటే తలను చంపడమేనని దశాబ్దాలుగా నమ్మిన సర్జన్లకు అది చిన్న సంగతి కాదు. మెడ మీది పల్చటి పొరను నాళాలతో సహా వలిచి పట్టుకుని, జారిన తలను దాని చోట తిరిగి కూర్చోబెట్టే ఆపరేషన్ కూడా ఇందులోంచే వచ్చింది.

బెర్న్ పద్ధతి ఉన్న వంతెన కూలకుండా చూసుకోవడం. కలకత్తాలో బక్సి చేసింది కూలిన వంతెనకు బదులు కొత్తది వేయడం. కండరంతో సహా ఎముక ముక్కను తరలించే ఆలోచన ఆయనది కాదు, ఫ్రాన్స్‌లో జూడే, అమెరికాలో మేయర్స్ అంతకుముందే వాడారు. కాకపోతే వాళ్లకన్నా ఆలస్యంగా వచ్చిన రోగులు, వాళ్లకన్నా చిన్న వయసువాళ్లు, నేల మీద కూర్చోక తప్పనివాళ్లు ఆయన ముందున్నారు. ఆ అవసరం ఈ పద్ధతిని ఇక్కడ ఎక్కువకాలం బతికించింది. సూక్ష్మదర్శిని కింద నాళాలు కుట్టే ఖరీదైన ఏర్పాటు లేని ఆసుపత్రిలో కూడా ఇది చేయవచ్చు. దీనికీ హద్దుంది. తల గుండ్రంగా ఉన్నంతవరకే ఆశ. అది కుంగి చదునయ్యాక ఎంత నెత్తురు తెచ్చినా పాత ఆకారం రాదు. అప్పుడిక కీలు మార్పిడే.

తల చావడానికి దెబ్బ తగలాల్సిన పని కూడా లేదు. ఎక్కువకాలం స్టెరాయిడ్లు వాడినవాళ్లు, విపరీతంగా తాగేవాళ్లు, సికిల్ సెల్ జబ్బున్నవాళ్లు ఈ ముప్పులో ఉంటారు. కొవిడ్ తర్వాత హైదరాబాద్ ఓపీల్లోనూ ఈ పేరు వినిపించింది. సికిల్ సెల్ మన ఏజెన్సీ ప్రాంతాల గిరిజన కుటుంబాల్లో ఉన్నదే. ఇరవై ఏళ్ల వయసులో గజ్జల్లో నొప్పి అని వచ్చే కుర్రాడికి తొలి ఎక్స్‌రేలో ఏమీ కనిపించకపోవచ్చు. అప్పుడు ఎమ్మారై తీస్తేనే జబ్బు బయటపడుతుంది. ఏజెన్సీలో ఎమ్మారై ఎంత దూరంలో ఉంటుందో చెప్పక్కర్లేదు.

తిరుగు ప్రయాణం

ఆక్స్‌ఫర్డ్‌లో ట్రుయేటాకు గౌరవానికి లోటు లేదు. అయినా ఆయన మనసు కెటలోనియాలోనే ఉండిపోయింది. 1946లో తన జాతి చరిత్ర, సంస్కృతి గురించి ఇంగ్లిషులో ఒక పుస్తకం రాశారు, వైద్యంతో సంబంధం లేనిది. స్వదేశంలో ఆయన భాషకు బడిలోనూ కచేరీలోనూ చోటు లేని కాలమది. పరాయి భాషలో అయినా దాని సంగతి చెప్పాలనుకున్నారు.

1966లో పదవీ విరమణ చేశాక తిరిగి కెటలోనియాకు వెళ్లిపోయారు. ఫ్రాంకో ఇంకా అధికారంలోనే ఉన్నాడు. ఇరవై ఏడేళ్ల కింద వదిలి వచ్చిన నగరానికి, అప్పుడు తనను తరిమిన పాలనే ఇంకా నడుస్తుండగా, దాదాపు డెబ్భై ఏళ్ల వయసులో వెళ్లడం తేలిక నిర్ణయమై ఉండదు. 1968లో తన జీవితకాలపు ఎముకల పరిశోధనను ఒక పెద్ద పుస్తకంగా కూర్చారు. అందులోనూ ఎముకను ఆయన చూసిన తీరు అదే: ఎముక పుట్టేది నాళం వెంటే, చచ్చేది నాళం మూసుకుపోతేనే. కీళ్ల అరుగుదల గురించి ఆయన చెప్పినవాటిలో కొన్నిటిని తర్వాతివాళ్లు ఒప్పుకోలేదు. నాళాల పటం జోలికి మాత్రం ఎవరూ పోలేదు, దానికి మెరుగులు దిద్దారంతే.

1975 నవంబరులో ఫ్రాంకో పోయాడు. ట్రుయేటా అప్పటికి జబ్బుపడ్డ ముసలివాడు. 1977 జనవరి 19న బార్సిలోనాలో కన్నుమూశారు. బార్సిలోనాకు ఉత్తరాన ఉన్న జిరోనా నగరంలోని విశ్వవిద్యాలయ ఆసుపత్రికి ఆయన పేరు పెట్టారు.

పిల్లల నాళాల మీద 1957లో ఆయన రాసిన పత్రం కూడా జర్నల్ ఆఫ్ బోన్ అండ్ జాయింట్ సర్జరీ బ్రిటిష్ సంచికలోనే అచ్చయింది. ఇరవై ఆరేళ్ల తర్వాత కలకత్తా నుంచి బక్సి పత్రం వెళ్లిందీ అదే పత్రికకు.